నొప్పి మందు మారిన ప్రతిసారీ

నడుం నొప్పికి నేను వాడిన మందులు మూడు. ముందు ట్రమడాల్, తర్వాత మార్ఫిన్ మాత్రలు, ఆ తర్వాత చర్మానికి అంటించే ఫెంటనిల్ ప్యాచ్. ఏ మందు ఎంత వాడాలో డాక్టర్లు చెబుతారు. ఒక మందు ఆపి ఇంకో మందు పట్టే ఆ నాలుగైదు రోజులు ఇంట్లో ఎలా ఉంటుందో మాత్రం చీటీ మీద ఉండదు. మా ఇంట్లో అందరూ బెంబేలెత్తింది ఆ రోజుల్లోనే.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ఊరు నరసరావుపేట. పల్లెవెలుగు బస్సుల్లో ముప్ఫయ్యేళ్ళు నిలబడ్డవాడికి నడుం నొప్పి వింతేం కాదు కాబట్టి, వీధి చివర ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గర డిక్లోఫినాక్ ఇంజెక్షన్ వేయించుకోవడం, వచ్చి పడుకోవడం అలవాటే. ఈసారి నొప్పి తగ్గలేదు సరికదా, తుమ్మితే పక్కటెముక చిట్లింది. గుంటూరులో పరీక్షలు చేస్తే మల్టిపుల్ మైలోమా అన్నారు. ఎముక మూలుగలో ఉండే ప్లాస్మా కణాలకు వచ్చే క్యాన్సరు. ఎముకల్ని గుల్ల చేస్తుంది, అది తయారుచేసే ప్రోటీను కిడ్నీలకు అడ్డం పడుతుంది. నా వెన్నుపూసలు రెండు అణిగిపోయాయి, కిడ్నీ ఎలా ఉందో రక్తంలో చూసే క్రియాటినిన్ అప్పటికే పెరిగింది. డాక్టరు మొదట చెప్పిన మాట జబ్బు గురించి కాదు. "డిక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబూప్రోఫెన్, ఇలాంటివి ఇక జన్మలో ముట్టుకోవద్దు. ఉన్న కిడ్నీ కూడా పోతుంది" అన్నారు. అంటే మన ఊళ్ళో మెడికల్ షాపులో "నొప్పి బిళ్ళ" అని అడిగితే ఇచ్చేవన్నీ నాకు మూసుకుపోయినట్టే.

అలా ట్రమడాల్ మొదలైంది, దానికి తోడు పారాసెటమాల్. ట్రమడాల్‌ని 2018 ఏప్రిల్లో మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారు. అప్పట్నుంచీ షాపువాళ్ళు పాత చీటీ చూపిస్తే ఇవ్వరు. మావాడు కొత్త చీటీ లేకుండా వెళ్ళి తిట్లు తిని వచ్చాడు. షాపాయన్ని తప్పుపట్టను, చట్టం అలా ఉంది.

మాత్ర వేసుకున్న గంటకల్లా కళ్ళు తిరిగేవి. చొక్కా తడిసేలా చెమట. కూర తాలింపు వాసన వస్తే చాలు, వాంతి. డాక్టరు రెండు పనులు చెప్పారు. వాంతుల మాత్ర అరగంట ముందు వేసుకోవాలి, ఈ మాత్ర కాస్త తిన్నాకే వేసుకోవాలి. మా ఆవిడ మూడో పని కనిపెట్టింది. నాకు అన్నం పెట్టేవేళకి పొయ్యి మీద ఏదీ ఉండకుండా, వంట తెల్లారుజామునే ముగించేది. చల్లారిన అన్నంలో మజ్జిగ పోసి, ఊరగాయ కూడా లేకుండా, కొంచెం ఉప్పు, శొంఠి పొడి. వేడి అన్నం వాసనకంటే చల్లన్నం వాసన తక్కువ కదా, కడుపులో నిలిచేది. వారం తిరిగేసరికి వాంతి పోయింది, చెమట మిగిలింది. నొప్పి మాత్రం సగమే తగ్గింది. రాత్రిళ్ళు పక్కకి తిరగాలంటే ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చేది.

కిడ్నీ బాగాలేనివాళ్ళకి ట్రమడాల్ ఇంకా పెంచకూడదట, మూర్ఛ వచ్చే ప్రమాదం ఉందట. అందుకని మార్ఫిన్ అన్నారు.

ఆ పేరు వినగానే మా ఇంట్లో ఏడుపులు. మార్ఫిన్ అంటే ఇక చివరి రోజులని మా అత్తగారి నమ్మకం. "మత్తుకి అలవాటు పడిపోతావు బావా" అని బావమరిది భయం. ఇద్దరికీ సమాధానం ఆ ఆసుపత్రి నొప్పి విభాగంలో ఉన్న సిస్టరే చెప్పింది. ఒంటికి మందు అలవాటవడం వేరు, మనిషి మందుకు బానిసవడం వేరు. ఒంటికి అలవాటవుతుంది, అందుకే ఏదీ ఒక్కసారిగా ఆపకూడదు, మెల్లగా దించాలి. నొప్పికి లెక్క ప్రకారం వేసుకునేవాళ్ళని బానిసలంటే ఎలా అని ఆవిడ మా బావమరిదిని ఎదురు అడిగింది. వాడు నోరెత్తలేదు.

మార్ఫిన్ అన్ని షాపుల్లో దొరకదు. 1985 నాటి మత్తుమందుల చట్టం ఎంత బిగించిందంటే, క్యాన్సరు ఆసుపత్రులు కూడా లైసెన్సుల గొడవకు భయపడి తెప్పించడం మానేశాయట. 2014లో చట్టం సవరించి, మార్ఫిన్, ఫెంటనిల్ లాంటి కొన్నిటిని అత్యావశ్యక మందులుగా పెట్టి, గుర్తింపు ఉన్న ఆసుపత్రులు నేరుగా ఇవ్వొచ్చన్నారు. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ నొప్పి ఉపశమన విభాగం ఉందని చాలామందికి తెలీదు. నాకు దగ్గర్లోనే దొరికింది కానీ, ప్రతిసారీ వెళ్ళి సంతకం పెట్టి, మిగిలిన మాత్రలకు లెక్క చెప్పి తెచ్చుకోవాలి. టిక్కెట్ల లెక్క అప్పజెప్పినవాణ్ణి, ఆ పని నాకు కష్టమనిపించలేదు.

సిస్టరు మందు చేతిలో పెట్టేముందు కూర్చోబెట్టి చెప్పింది. "బాబాయ్, వాంతి, మగత, ఈ రెండూ నాలుగైదు రోజుల్లో సర్దుకుంటాయి. భయపడి మాత్ర మానెయ్యొద్దు. మలబద్ధకం మాత్రం సర్దుకోదు, మార్ఫిన్ వాడినన్నాళ్ళూ దానికి మందు వాడాల్సిందే. ఇక చేతులు కాళ్ళు ఎగిరెగిరి పడటం, లేనివి కనిపించడం, పిలిస్తే పలక్కపోవడం, వీటిలో ఏదొచ్చినా అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యండి." తర్వాత మా ఇంట్లో జరిగిందంతా ఈ మాటల ప్రకారమే జరిగింది.

నా కిడ్నీల వల్ల మామూలుగా నాలుగు గంటలకోసారి వేసే మాత్రని సగం చేసి ఆరు గంటలకోసారి ఇచ్చారు. ట్రమడాల్‌ని కూడా ఒక్కసారిగా ఆపకుండా తగ్గించుకుంటూ రమ్మన్నారు. ఎందుకంటే అది నొప్పి మీదే కాక మెదడులో ఇంకో రకంగా కూడా పనిచేస్తుంది, టక్కున ఆపితే గుండె దడ, కంగారు, ఒంట్లో కరెంటు కొట్టినట్టు ఉంటుందట. ఆ రెండు మందులూ కలిసి నడిచిన రోజుల్లో నేను పొద్దస్తమానం నిద్రే. అన్నం ముద్ద నోట్లో ఉండగానే కన్ను మూతపడేది. మా ఆవిడకి సిస్టరు ఒక పని నేర్పింది. నిద్రలో నా పొట్ట మీద చెయ్యి వేసి, గడియారం చూస్తూ నిమిషానికి ఎన్ని ఊపిరులో లెక్కపెట్టాలి. పదికి తగ్గకుండా ఉండి, పిలిస్తే కళ్ళు తెరిస్తే పర్లేదు. అంతకంటే తగ్గితే, లేపినా లేవకపోతే పరుగు. ఆవిడ రాత్రిళ్ళు లెక్కపెట్టేది. కొన్నాళ్ళకి తెలిసిందేమిటంటే, ఆ నిద్రలో సగం మందు వల్ల కాదు. నెలల తరబడి నిద్ర లేనివాడికి నొప్పి తగ్గగానే పట్టిన నిద్ర అది.

ముక్కు దురద కొన్నాళ్ళుంది. నోరు ఎండిపోయేది, ఎండబెట్టిన ఉసిరి ముక్క చప్పరిస్తే కాస్త నయం. వీటి గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

చెప్పాల్సింది విరేచనం గురించి. మనవాళ్ళు దీని గురించి మాట్లాడటానికి సిగ్గుపడతారు, దాంతోనే ఎక్కువ బాధ పడతారు. మార్ఫిన్ కడుపులోకి వెళ్ళాక పేగు కదలిక మందగిస్తుంది. అరటిపండు తిను, ఆకుకూర తిను అని వచ్చినవాళ్ళంతా చెబుతారు. తోడల్లుడు ఇసబ్‌గోల్ డబ్బా తెచ్చి ఇచ్చాడు. డాక్టరు వద్దన్నారు. అది నీళ్ళు పీల్చుకుని ఉబ్బే పొట్టు. కదలని పేగులో, అందులోనూ నాలాగా నీళ్ళు సరిగా తాగనివాడిలో, అది ఉబ్బి అక్కడే కూర్చుంటుంది. మాకు కావలసింది పేగును కదిలించే మందు, మలాన్ని మెత్తపరిచే మందు. రాత్రి పడుకునేముందు బిసాకోడిల్, పొద్దున లాక్టులోజ్ సిరప్. మార్ఫిన్ రాసి విరేచనం మందు రాయకపోతే అది సగం చీటీ అనే నేనంటాను.

అన్నీ వాడుతున్నా ఓసారి ఇరుక్కుంది. ఐదారు రోజులు కాలేదు, తర్వాత ఒకరోజు ఉన్నట్టుండి నీళ్ళలా మొదలైంది. లుంగీ మార్చిన గంటకే మళ్ళీ తడి. "మోషన్లు పట్టుకున్నాక ఇంకా విరేచనాల బిళ్ళ ఎందుకండీ" అని మా ఆవిడ స్ట్రిప్పు బీరువాలో పెట్టబోయి, ఎందుకైనా మంచిదని సిస్టరుకి ఫోన్ చేసింది. ఆపొద్దు, తీసుకురమ్మన్నారు. చూస్తే లోపల గట్టిగా గడ్డకట్టి ఉంది, దాని పక్కనుంచి పైనున్న నీళ్ళు మాత్రం కారుతున్నాయి. ఎనిమా ఇచ్చాక గానీ ప్రాణం కుదుటపడలేదు. బిళ్ళ ఆపి ఉంటే పరిస్థితి ఎక్కడికి పోయేదో.

ఆ రోజు నుంచి మా అమ్మాయి ఒక నోటు పుస్తకం మొదలుపెట్టింది. మందు టైము, నొప్పి పదికి ఎంత, మోషన్ అయిందా లేదా, అయితే గట్టిగానా నీళ్ళగానా. ఇదంతా దేనికని నేను విసుక్కున్నా, తర్వాత డాక్టర్లు నన్ను అడగడం మానేసి నేరుగా పుస్తకమే అడిగేవారు.

మార్ఫిన్‌తో కొన్ని నెలలు బాగానే గడిచాయి. కూర్చుని అన్నం తిన్నాను, మెట్లు దిగి కుర్చీ వేసుకుని వీధిలో కూర్చున్నాను. మేలో పల్నాడు ఎండలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు, పేపర్లో రెంటచింతల పేరు రాని వేసవి ఉండదు. ఆ ఎండల్లో నాకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి జ్వరం తగిలింది, నీళ్ళు లోపలికి పోలేదు.

ముందు చెయ్యి ఎగిరింది. కాఫీ గ్లాసు పట్టుకుంటే భుజం నుంచి ఒక్క కుదుపు, కాఫీ అంతా ఒళ్ళో. తర్వాత కాలు. నిద్రలో మనిషినంతా ఎవరో కుదిపినట్టు. మధ్యాహ్నానికి గది నిండా ప్యాసింజర్లు. నాకు గుర్తులేదు గానీ మా ఆవిడ చెప్పింది. "డోర్ దగ్గర నిలబడొద్దమ్మా, వెనక సీట్లు ఖాళీ ఉన్నాయి, లోపలికి జరగండి" అని గట్టిగా అరిచానట. మా మనవణ్ణి చిల్లర అడిగానట, వాడు వెళ్ళి నిజంగానే రెండు రూపాయల బిళ్ళ తెచ్చిచ్చాడట. ముందు నవ్వుకున్నారు. తర్వాత మా అత్తగారు "గాలి సోకిందే మీ ఆయనకి" అని మిరపకాయలు దిగదుడిచింది. బావమరిది మాత్రం, మూలుగుతున్నాడు, కొట్టుకుంటున్నాడు, నొప్పి ఎక్కువైనట్టుంది, ఇంకో మాత్ర వేద్దామన్నాడు.

ప్రమాదం అంతా అక్కడే ఉందని డాక్టరు తర్వాత చెప్పారు. మార్ఫిన్‌ని లివరు వేరే పదార్థాలుగా మారుస్తుంది. వాటిని బయటికి తోయాల్సింది కిడ్నీ. కిడ్నీ మందగించినప్పుడు అవి రక్తంలో పేరుకుని నరాల్ని రెచ్చగొడతాయి. ఆ కుదుపులు, ఆ కలవరింత చూసి నొప్పి అనుకుని ఇంకో మాత్ర వేస్తే ఇంకా పేరుకుంటుంది. మా అమ్మాయి పుస్తకం వెనక అట్ట మీద సిస్టరు చెప్పిన మాటలు రాసి పెట్టుకుంది. చేతులు ఎగరడం, లేనివి కనిపించడం. అది చూసి ఫోన్ చేస్తే, వేసుకోవాల్సిన డోసు ఆపమని ఫోన్లోనే చెప్పి, వెంటనే రమ్మన్నారు.

సెలైను, యాంటీబయాటిక్కు, క్రియాటినిన్ పరీక్ష. రెండు రోజులకి ప్యాసింజర్లు దిగిపోయారు. ఇక మార్ఫిన్ వద్దు, ఫెంటనిల్ ప్యాచ్‌కి మారుద్దాం అన్నారు. దానికి ఇలా పేరుకునే పనికిమాలిన సరుకు ఉండదట, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకి నయమట.

ప్యాచ్ అంటే చిన్న ప్లాస్టిక్ ముక్క, దెబ్బ తగిలితే అంటించే పట్టీలా కనిపిస్తుంది. అంత మామూలుగా కనిపించడమే దానితో చిక్కు. ఛాతీ మీద వెంట్రుకల్ని కత్తెరతో కత్తిరించారు, బ్లేడుతో గీకకూడదు, గీరుకుంటే మందు ఎక్కువ పీల్చుకుంటుంది. సబ్బు, పౌడరు, నూనె ఏవీ ఉండకూడదు, వట్టి నీళ్ళతో తుడిచి ఆరనిచ్చి అంటించి, అరచేత్తో అర నిమిషం నొక్కి పట్టుకున్నారు. పక్కన అంటించిన తేదీ, టైము. మూడు రోజులకి, అంటే 72 గంటలకి మార్చాలి, ప్రతిసారీ చోటు మార్చాలి.

అంటించగానే పనిచేయదు. చర్మంలో మందు చేరి రక్తంలోకి రావడానికి పన్నెండు గంటల నుంచి రోజు దాకా పడుతుంది. కండక్టరు భాషలో చెప్పాలంటే, దిగిన బస్సు వెళ్ళిపోయింది, ఎక్కాల్సింది ఇంకా రాలేదు. ఆ మధ్య టైముకి నాకు ఆసుపత్రిలోనే సూదిమందు ఇచ్చి చూసుకున్నారు. ఆ రాత్రి "ఇది పనిచేయట్లేదు, ఇంకోటి అంటించండి" అని నేను గొడవ చేశానట. అంటించరు. రెండూ ఒకేసారి పనిచేయడం మొదలెడితే ఊపిరి ఆగుతుంది. తీసేశాక కూడా అంతే, చర్మంలో ఉన్నది ఇంకో రోజు దాకా దిగుతూనే ఉంటుంది.

ఇంటికొచ్చాక అసలు వింత మొదలైంది. నొప్పి లేదు. అయినా ఒంట్లో కుదురు లేదు. ఆవులింతల మీద ఆవులింతలు, ముక్కు కారడం, చెమట, కాళ్ళు ఒకచోట పెట్టలేను. దాంతోపాటు మోషన్లు. ఈసారి మా ఆవిడ తెలివిగా, "ఇది కూడా లోపల గడ్డకట్టి పక్కనుంచి కారడమే" అని బిసాకోడిల్ తీసి పట్టుకుంది. ఫోన్ చేస్తే డాక్టరు పుస్తకం చదవమన్నారు. రోజూ అవుతోందా, కడుపు మెత్తగా ఉందా అని అడిగి, ఈసారి నిజం మోషన్లే, విరేచనం మందులు సగానికి తగ్గించండి అన్నారు. ఫెంటనిల్ పేగుని మార్ఫిన్ అంతగా బిగించదు. పాత డోసు విరేచనం మందు ఇప్పుడు ఎక్కువైపోయింది. మిగతావి, ఆవులింత, చెమట, కాళ్ళ పీకుడు, మార్ఫిన్ ఒక్కసారిగా పోయినందుకు ఒళ్ళు పడే బాధ. నొప్పిని ప్యాచ్ చూసుకుంటున్నా, పేగూ ఒళ్ళూ పాత మందుని వెతుక్కుంటాయట. ప్యాచ్ పడలేదని పీకేస్తారేమో, పీకొద్దు, కొద్ది రోజుల్లో పోతుంది అన్నారు. నీళ్ళు ఎంత తాగాలో నా కిడ్నీ లెక్క ప్రకారం చెప్పారు. ఆ బాధ పోయింది కూడా.

ప్యాచ్‌కి వేడి పడదు. వేడి తగిలితే చర్మం మందుని గబగబా లాగేస్తుంది. వేడినీళ్ళ సంచి నడుం మీద పెట్టుకునే అలవాటు మానాను. ఆదివారం తలంటు గోరువెచ్చటి నీళ్ళతోనే, చెంబుతో పోసినా ఛాతీ మీద పోయకుండా. జ్వరం వస్తే వెంటనే ఫోన్, ఎందుకంటే ఒంటి వేడి కూడా వేడే. చెమటకి అంచులు లేస్తుంటే చుట్టూరా మాత్రమే టేపు వేశాం. కత్తిరించి సగం వాడదామా అని మావాడు అడిగితే డాక్టరు కుర్చీలోంచి లేచినంత పని చేశారు.

ఎదురింటావిడకి మోకాళ్ళ నొప్పులు. నేను లేచి తిరగడం చూసి, "అన్నయ్యగారూ, ఆ స్టిక్కరు నాకూ ఒకటివ్వండి, వెల ఎంతైనా ఇస్తా" అంది. ఇలాంటి మందు ఎన్నడూ వాడనివాళ్ళకి అదొక్కటి అంటిస్తే నిద్రలోనే ఊపిరి ఆగొచ్చు. నేను కొన్నాళ్ళు మార్ఫిన్ వాడినవాణ్ణి కాబట్టి నాకు ఆ డోసు సరిపోయింది. ఆవిడకి ఇదంతా చెప్పినా, నేను పిసినారితనంతో ఇవ్వలేదనే ఆవిడ అభిప్రాయం. వాడేసిన ప్యాచ్‌లోనూ బోలెడు మందు మిగిలి ఉంటుంది. మనవడు ఇంట్లో తిరుగుతున్నాడు, వాడికి స్టిక్కర్లంటే పిచ్చి. అందుకని జిగురు వైపు లోపలికి మడిచి, డబ్బాలో వేసి తాళం పెట్టి, ఆసుపత్రికి వెళ్ళినప్పుడు లెక్కపెట్టి అప్పజెబుతున్నాం.

పొట్ట మీద చర్మం కింద వేసే బోర్టెజోమిబ్ అనే మైలోమా మందు ఇంజెక్షన్లతో జబ్బు అదుపులోకొచ్చింది. ఎముకల నొప్పి తగ్గింది కాబట్టి ప్యాచ్‌ని గంటకి 25 మైక్రోగ్రాముల నుంచి 12కి దించారు. దించినప్పుడు మళ్ళీ ఆ ఆవులింతలే, ఆ చెమటే, కాకపోతే ఈసారి ఇంట్లో ఎవరూ కంగారు పడలేదు. బావమరిది చూసి "మందు దిగుతోంది బావా, అంతే" అన్నాడు. బిసాకోడిల్ రాత్రికొకటి ఇంకా నడుస్తోంది. 12 ప్యాచ్ ఎప్పుడు తీసేయాలో వచ్చే నెల రక్తపరీక్ష, అమ్మాయి పుస్తకం, రెండూ చూసి చెబుతామన్నారు.